ఇంటూ గుర్తు

సృష్టికి ముందున్న చీకటి
స్క్రాంటన్ ఊరికి బస్సులో వస్తుంది,
రెండు వారాలకోసారి, మంగళవారం,
రెండు అట్టల మధ్య, వంచరాదు అని రాసిన కవరులో.

వాండా ప్రోకోప్ కత్తెరతో దారం తెంపుతుంది.
ఇరవై రెండు పేజీలు.
న్యూయార్క్‌లో ఎవరో కుర్రాడు పెన్సిలుతో గీసిన దేవుడు.
పేరు నోక్‌వార్. చేతులు రెండే,
కొమ్ముల కిరీటం మాత్రం పేజీ దాటి పోతుంది.
ఒళ్లంతా తెల్లకాగితమే.
నలుపు పడాల్సిన చోటల్లా చిన్న ఇంటూ గుర్తు:
ఇక్కడ నింపు, ఇక్కడ నింపు.
ఛాతీ మీద నాలుగు, అంగీ మడతల్లో పదకొండు,
కళ్లల్లో చెరొకటి.

అంటే, పెంజీకటికైనా
ఎవరో ఒకరు కూలికి రంగెయ్యాలి.
పేజీకి పద్నాలుగు డాలర్లు.

ఆమె కుంచెను పెదవుల మధ్య మొన తేల్చి
సీసాలో ముంచుతుంది.
మోకాళ్ల దాకా వచ్చాడు దేవుడు.
టీ తాగొచ్చేసరికి నడుము దాకా ఆరాడు.

"వెలుగా! నన్నడక్కుండా పుట్టావు నువ్వు"
అంటాడు నల్లబుడగలో, తెల్లక్షరాలతో.
నగరం మీద గొంగళిలా పరుచుకుంటాడు,
వీధిదీపాల్ని వేరుశనగ గింజల్లా నోట్లో వేసుకుంటాడు,
నవ్వుతాడు, ఒక్కో హ ఒక్కో మేడంత.
ఇరవై ఒకటో పేజీలో ఓడిపోతాడు.
ఇరవై రెండులో, ఓ మూలన, ఒక కన్ను తెరుస్తాడు:
వచ్చే నెల అందరూ అద్దెలు కట్టాలి కదా.

వాండాకి ఆ నవ్వు నచ్చదు.

వాళ్ల నాన్న ఒసిప్ బొగ్గుగనిలో మనిషి.
ముప్పై ఒకటిలో కప్పు కూలి, దీపం ఆరి,
తొమ్మిది గంటలు లోపలే ఉన్నాడు
ఒక కంచరగాడిద పక్కన.
తర్వాత వంటింట్లో చెప్పాడు, ఒక్కసారే,
గిన్నెలో సూపు చల్లారిపోతుంటే:
"అది నవ్వదమ్మా. అరవదు.
మన మీద దానికి పగేం లేదు.
కన్ను తెరిచినా మూసినా ఒకటే.
ఈ చెయ్యి నాదో గాడిదదో తెలీలేదు కాసేపు.
దాని ఊపిరి చప్పుడు లేకపోతే
నేనున్నానని నాకెవరు చెప్పేవాళ్లు?"
అని, చెంచా తీసుకున్నాడు.

ఎడిటరు ఉత్తరం రాశాడు:
దేవుడు మరీ నల్లగా ఉంటున్నాడు,
పిల్లలకు బొమ్మ కనపడాలి, కాస్త చుక్కలు చల్లండి.
చల్లింది. పాత పళ్ల బ్రష్షు తెల్లరంగులో అద్ది
బొటనవేలితో చిమ్మింది.
ఆదిమ అంధకారానికి అమ్మవారు పోసినట్టయింది.

నవంబరు సంచికలో మాత్రం
దేవుడి కుడి అరచేతిలో
ఒక ఇంటూ గుర్తు అలాగే మిగిలిపోయింది.
రబ్బరుతో పోయే పెన్సిలు గీత కాదు.
సిరాతో దిద్దింది.
పొరపాటున ఎవరైనా దిద్దుతారా?
ఎడిటరు ఫోన్లో అదే అడిగాడు.
ఆమె వాతావరణం గురించి మాట్లాడింది.

ఏడు ఉత్తరాలొచ్చాయి పాఠకుల నుంచి.
గాయం అన్నాడొకడు. శాపం అన్నాడొకడు.
ఇరవై సెంట్లూ వెనక్కిమ్మన్నాడు ఇంకొకడు.
డలూత్ నుంచి మార్నీ అనే పిల్ల,
పసుపు పెన్సిలుతో, ఒకటే వాక్యం:
"ఆయనకు సంతకం చెయ్యడం రాదా?"

ఆ ఒక్కటీ ఇమ్మని అడిగి తెప్పించుకుంది వాండా.
చెక్కపెట్టెలో పెట్టింది,
గని కంపెనీ జీతం చీటీల కట్ట మీద.
శనివారం వెంట శనివారం,
గుమస్తా తప్పుగా టైపు కొట్టిన ఒసిప్ పేరు పక్కన
మన దగ్గరైతే వేలిముద్ర పడే చోట,
కాగితం చిరిగేంత బరువుగా,
అడ్డంగా ఒక గీత, దాన్ని కోస్తూ ఇంకోటి.

మంగళవారం బస్సొచ్చింది.
ఈసారి దేవుడి ఒంటి మీద ముప్పై రెండు.
ఆమె దీపాన్ని కాస్త దగ్గరికి లాక్కుంది.